పాత గుర్రమా, కొత్త గుర్రమా?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు మనవాళ్ళు. స్పోర్ట్స్ కార్ల దగ్గరకు వచ్చేసరికి ఈ సామెత తలక్రిందులవుతుంది. ఇక్కడ పాతదే వింత. ముప్ఫై ఏళ్ళు దాటిన రెండు సీట్ల బండి వీధిలో ఆగి ఉంటే దారిన పోయేవారు నిలబడి చూస్తారు. నిన్న షోరూము నుండి వచ్చినదానిని తల తిప్పి చూసేవారైనా ఉండరు. ఆరు నెలలుగా నేను ఈ పాతకొత్తల నడుమ ఊగిసలాడుతున్నాను. ఆ ఊగిసలాటలో తెలిసివచ్చిన సంగతులు నాలుగు ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

కాలిఫోర్నియాకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంతకాలమూ అవసరం కొన్న కార్లే తప్ప ఇష్టం కొన్న కారు లేదు. పైకప్పు తెరుచుకోవాలి, గేర్లు చేతితో మార్చుకోవాలి, ఇద్దరికి మించి చోటుండకూడదు. నా కోరిక ఇంతే. ఇంత చిన్న కోరికకు తగిన పేరు మాజ్డా మియాటా. చిక్కల్లా ఏ మియాటా అన్నదే: మొదటి తరానికి చెందిన 1990 నాటిదా, నాలుగవ తరానికి చెందిన 2019 నాటిదా?

కారు కథ కొంత చెప్పాలి. 1960లలో బ్రిటిషువారు ఎం.జి., ట్రయంఫ్, లోటస్ వంటి పేర్లతో తేలికైన రెండు సీట్ల కార్లు చేసేవారు. అవి నడపడానికి ఎంత ముచ్చటో నమ్ముకోవడానికి అంత కష్టం. నూనె కారేవి, వానలో మొరాయించేవి. 1980లో ఎం.జి.బి. ఉత్పత్తి ఆగిపోవడంతో ఆ జాతి దాదాపు అంతరించింది. అంతకు ఏడాది ముందు బాబ్ హాల్ అనే అమెరికను మోటారు పాత్రికేయుడు మాజ్డా పెద్దలలో ఒకరైన కెనిచి యమమోతోను కలిసినపుడు, అటువంటి కారు మీరే చేయరాదా అని సూచించాడు. ఆ మాట రూపు దాల్చడానికి పదేళ్ళు పట్టింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మియాటా తొలిసారి లోకానికి కనబడింది. తోషిహికో హిరాయ్ నాయకత్వంలో దానిని తీర్చిదిద్దినవారు పెట్టుకున్న ఆదర్శం జపాను భాషలో "జింబా ఇత్తాయ్", అంటే గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం. 2016 ఏప్రిలు నాటికి పది లక్షల మియాటాలు తయారయ్యాయి.

ఆ మొదటి గుర్రం బలం 116 అశ్వశక్తి మాత్రమే. ఈనాడు కూరగాయలకు వెళ్ళే కార్లలో సైతం చాలావాటికి ఇంతకన్న ఎక్కువ ఉంటుంది. అయితే దాని బరువు వెయ్యి కిలోలకు లోపే. ఒక పెద్దమనిషి అమ్మకానికి పెట్టిన 1990 కారును వుడ్‌సైడ్ పైన స్కైలైన్ దారిలో నడిపి చూశాను. గంటకు నలభై మైళ్ళు దాటలేదు, కానీ రోడ్డు మీది ప్రతి అతుకూ స్టీరింగు గుండా అరచేతికి తెలిసింది. గేరు కర్ర పొట్టిది. మణికట్టు కదిపితే చాలు, టక్కున పడుతుంది. మీట నొక్కితే ముందు దీపాలు నిద్ర లేచిన కళ్ళలా పైకి లేస్తాయి. రెండవ తరం నుండి ఆ కళ్ళు మాయమయ్యాయి.

ముచ్చట ఎంత ఉన్నా ముసలితనం ముసలితనమే. తొలినాళ్ళ 1.6 లీటరు ఇంజన్లలో క్రాంక్‌షాఫ్టు ముక్కు పొట్టిగా ఉండి, దాని కప్పీ సడలిపోయే లోపం ప్రసిద్ధమే. గుడ్డ పైకప్పు నుండి నీరు దిగే గొట్టాలు పూడుకుపోతే తలుపుల క్రింది ఇనుము లోలోపల తుప్పు పడుతుంది. క్లచ్చు సిలిండరు కారుతుంది. ఈ రాష్ట్రంలో పొగ పరీక్ష మినహాయింపు 1975, అంతకు ముందరి కార్లకే కనుక రెండేళ్ళకొకసారి ఆ గండమూ గట్టెక్కాలి. కానీ వీటిలో ఎక్కువ భాగం ఇంటి ముంగిట, మామూలు పానాలతో సరిచేసుకోగలిగినవే. విడిభాగాలు దొరుకుతాయి. మాజ్డా వారే 2017లో జపానులో మొదటి తరం కార్ల పునరుద్ధరణ పథకాన్ని ప్రకటించి, ఆనాటి టైర్లను సైతం మళ్ళీ చేయించారు.

నన్ను అటు లాగినది ఈ ముంగిట పనే. మా నాన్నగారికి బజాజ్ చేతక్ ఉండేది. రాణా ప్రతాపుని గుర్రం పేరది. ఉదయం అది కదలనంటే ఒక పక్కకు వంచి, కాసేపాగి, కిక్కు కొట్టేవారు. అప్పటికీ వినకపోతే ప్లగ్గు ఊడదీసి ఉప్పుకాగితంతో రుద్దేవారు. ఆ రుద్దే పని నాది. ఆయన నాతో ఎక్కువగా మాట్లాడిన సమయాలు అవే. చదువు గురించి, డబ్బు గురించి, ఊళ్ళో పొలం అమ్మవలసి రావడం గురించి ఆయన ఎదురుగా కూర్చోబెట్టి ఎన్నడూ చెప్పలేదు. స్కూటరు వంక చూస్తూ చెప్పేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు. దానితో నాకు మాటలు తగ్గుతున్నాయి. పాత కారు ఉంటే ఇద్దరం కలిసి వంగి చూడడానికి ఒక బానెట్టు ఉంటుంది గదా అని నా ఆశ.

ఇక కొత్త గుర్రం. రెండు లీటర్ల ఇంజను, 181 అశ్వశక్తి. నిమిషానికి 7,500 చుట్ల వరకు ఉత్సాహంగా తిరుగుతుంది. విచిత్రమేమంటే ముప్ఫై ఏళ్ళ తరువాత పుట్టిన ఈ కారు పొడవులో మొదటిదానికన్న కాస్త పొట్టి. బరువు దాదాపు వంద కిలోలు ఎక్కువ, అంతే. ఈ మూడు దశాబ్దాలలో తక్కిన కార్లు ఎంతగా ఒళ్ళు చేశాయో చూసినవారికి ఈ నిగ్రహం విలువ తెలుస్తుంది. స్టీరింగుకు విద్యుత్ సాయం ఉండడం వలన రోడ్డు కబుర్లు కొన్ని చేతిదాకా రావు. కానీ దీనిని ఆత్మలేని యంత్రం అనడం అన్యాయం. నడిపినంతసేపూ నేను నవ్వుతూనే ఉన్నాను.

డబ్బు లెక్క వేశాను. పాతదాని ధర కొత్తదానిలో సగానికి లోపే, మరమ్మతులతో కలిపినా తక్కువే. లెక్క అక్కడితో ముగిసి ఉంటే ఇది వ్రాయనక్కరలేదు.

"పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో చూసుకుని కొనండి" అన్నది మా శ్రీమతి.

అమెరికాలో అమ్మిన 1990 మియాటాలో ఎయిర్‌బ్యాగు నడిపేవారికే. పక్క సీటుకు అది 1994 నమూనాతో వచ్చింది. పక్కనుండి దెబ్బ తగిలితే కాచే ఎయిర్‌బ్యాగులు లేవు. తడి రోడ్డుమీద వెనుక చక్రాలు జారితే సరిదిద్దే స్థిరత్వ నియంత్రణ లేదు. ఆ సాధనాన్ని ఈ దేశంలో అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేసినది 2012 నమూనాల నుండి. కొత్త మియాటాలో ఇవన్నీ ఉన్నాయి. మా అమ్మాయి ఆరు నెలలలో డ్రైవింగు నేర్చుకోబోతోంది. అంటే పక్క సీట్లో ఉండబోయేది నేను, స్టీరింగు ముందు ఉండబోయేది అది. చుట్టూ దాని కిటికీల కన్న ఎత్తైన చక్రాలతో ట్రక్కులు.

అమ్మాయి మాత్రం "నాన్నా, కళ్ళు తెరిచేదే కొందాం" అన్నది. దానికి మూడు రోజుల పాటు జవాబు చెప్పలేకపోయాను. పిల్ల క్షేమం అన్న మాట వెనుక నా బద్ధకమో, చేతికి మసి అంటుతుందన్న జంకో దాగి ఉందేమో అని కూడా నన్ను నేను అడిగి చూసుకున్నాను. కొంత ఉండవచ్చు. అయినా ఆ జంకు తీసివేసి చూసినా లెక్క మారలేదు. నేనొక్కడినే, ఆదివారం ఉదయాలు మాత్రమే నడిపేవాడినయితే 1990 కారునే తెచ్చుకునేవాడిని, సందేహం లేదు. నా ప్రాణంతో నేను చేసుకోగల బేరం అమ్మాయి ప్రాణంతో చేయలేను.

కొత్తదానికే బయానా ఇచ్చాను. గేర్లు చేతితో మార్చేదే. పాత కారు పెద్దమనిషికి ఫోను చేసి చెబితే, ఆయన నొచ్చుకోలేదు. ఆదివారాలలో పానాలు పట్టుకుని తన కారు పని చేసుకుంటూ ఉంటాననీ, చూడాలనుకుంటే అమ్మాయిని తీసుకురమ్మనీ అన్నాడు. వచ్చే వారం వెళుతున్నాము. టైమింగు బెల్టు మారుస్తాడట.

ఇలాంటి తూకం మీలో ఎవరైనా వేసి ఉంటారు. కారు కాకపోతే స్కూటరో, ఇల్లో. మీ తక్కెడ ఎటు మొగ్గిందో, ఎందుకు మొగ్గిందో చెబితే వినాలని ఉంది.