అచ్చోసిన గుర్రాలు

మా అమ్మీకి సముద్రం కొత్త కాదు. గుర్రం అసలే కొత్త కాదు. నాడా లేని గుర్రం, కళ్లెం లేని గుర్రం, ఎవరి కొరడా దెబ్బా తినని గుర్రం సముద్రం ఒడ్డున తన పాటికి తను నిలబడి ఉండటం మాత్రం ఆమె అరవై ఏడేళ్ల బతుకులో చూడలేదు. అది చూపిద్దామనే 2023 సెప్టెంబరు ఆఖర్న ఆమెను అమెరికా తూర్పు తీరంలో ఉన్న అసటీగ్ దీవికి తీసుకెళ్లాం. రెండు రాత్రులు గుడారంలో పడుకున్నాం. మేమంటే ఆపా, తమ్ముడు. ఇది ఇద్దరం కలిసి రాస్తున్నదే. ఒకళ్లు మర్చిపోయింది ఇంకొకళ్లకు గుర్తుంది.

మా అబ్బా బాపట్లలో జట్కా తోలేవాడు. రైల్వేస్టేషన్ దగ్గర బండి. ఊళ్లోవాళ్లకు ఆయన పేరుతో పనిలేదు, జట్కా సాయిబు అంటే చాలు. సూర్యలంక వెళ్లే బేరం తగిలితే ఆ రోజు మా ఇంట్లో కూర ఉండేది. బండి తోలింది అబ్బాయే గాని గుర్రాన్ని సాకింది అమ్మీ. తెల్లారగట్ల లేచి ఉలవలు ఉడకేసేది. గుగ్గిళ్లు గుర్రానికి, చారు మాకు. ఇప్పుడు అదే చారును పెద్ద హోటళ్లలో వెన్న వేసి, గిన్నెకు ఇంతని కట్టి అమ్ముతున్నారు. తిన్నప్పుడల్లా మాకు నవ్వొస్తుంది. మా వాటాకు వచ్చింది గుర్రం వదిలేసిన నీళ్లు, ఆ నీళ్లకు ఇంత మర్యాద!

ఆటోలు వచ్చాయి. 1989లో అబ్బా గుర్రాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత సైకిల్ షాపులో పనికి కుదిరాడు. ఆ గుర్రం ఎటు పోయిందో అమ్మీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అబ్బా పోయాక కూడా మా పెరట్లో కట్టుగొయ్య చాలా ఏళ్లు అట్లాగే ఉండేది. బట్టలు ఆరేసుకునేవాళ్లం.

అసటీగ్ సన్నగా, పొడుగ్గా సముద్రంలో పడుకున్న ఇసక దిబ్బ. పొడవు 37 మైళ్లు. పైభాగం మేరీలాండ్ రాష్ట్రానిది, కింది భాగం వర్జీనియాది. ఒకప్పుడు ఇక్కడ ప్లాట్లు వేసి అమ్మారు, రోడ్డు కూడా వేశారు. 1962 మార్చిలో వచ్చిన తుపాను ఆ రోడ్డును, కట్టిన ఇళ్లను ఊడ్చిపారేసింది. 1965లో ప్రభుత్వం దీన్ని జాతీయ సముద్రతీరంగా ప్రకటించింది. రాష్ట్రాల సరిహద్దు దగ్గర దీవికి అడ్డంగా కంచె ఉంది. కంచెకు అటున్నవి ఒక మంద, ఇటున్నవి ఒక మంద. ఇటువైపువాటిని పార్కు వాళ్లు చూస్తారు. అటువైపువి షింకటీగ్ అనే ఊరి అగ్నిమాపక స్వచ్ఛంద సంఘానివి. ఏటా జూలైలో ఆ మందను కాలవ ఈదించి ఊళ్లోకి తోలుకొచ్చి పిల్లల్ని వేలం వేస్తారు. ఇది 1925 నుంచీ జరుగుతోంది. ఆ డబ్బుతో మంటలార్పే బండ్లు నడుస్తాయి.

ఇదంతా మేం దారిలో చెబుతుంటే అమ్మీ ఒక్కటే అడిగింది. "కంచె సంగతి గుర్రాలకు తెలుసా?"

గుడారం వేయడానికి మామూలు మేకులు పనికిరావు. ఇసకలో నిలవాలంటే బారెడు మేకులు కావాలి. మేం కుస్తీ పడుతుంటే పార్కు ఉద్యోగిని ఒకామె వచ్చి జాగ్రత్తలు చెప్పింది. గుర్రాలకు నలభై అడుగుల దూరం ఉండాలి. ముట్టుకోకూడదు. మేత పెట్టకూడదు. తిండి అంతా కారులో పెట్టి తాళం వేయాలి, లేకపోతే గుడారంలో దూరి డబ్బాలు తెరుస్తాయి. మనిషి తిండికి అలవాటుపడిన గుర్రం రోడ్డెక్కుతుంది, కార్ల కింద పడుతుంది. న్యాయమైన మాటే. అమ్మీకి మాత్రం మింగుడు పడలేదు. ఇంటి ముందుకొచ్చిన నోరులేని జీవానికి గుప్పెడు పెట్టకపోవడం ఏం చట్టమని ఆమె బాధ.

సాయంత్రం గుర్రాలు వచ్చాయి. ఏడు. గోధుమరంగువి, తెల్లమచ్చలవి. మన జట్కా గుర్రాలకన్నా పొట్టి, పొట్టలు మాత్రం ఇంతింత. "అన్నీ చూలుతో ఉన్నాయా?" అంది అమ్మీ. చూలు కాదు. ఇక్కడి బురదనేలల్లో పెరిగే ఉప్పుగడ్డి వాటి మేత. ఉప్పు తింటాయి కాబట్టి మామూలు గుర్రంకన్నా రెండింతలు నీళ్లు తాగుతాయి. పొట్టలు అట్లా ఉబ్బుతాయి. అమ్మీ చాలాసేపు చూసి, "ఏది దొరికితే దానికి ఒళ్లు మార్చుకున్నయ్" అంది.

ఈ గుర్రాలు ఇక్కడికి ఎట్లా వచ్చాయి? రెండు కథలున్నాయి. ఒకటి, బంగారం మోసుకుపోతున్న స్పెయిన్ ఓడ తుపానులో పగిలి గుర్రాలు ఈదుకుంటూ ఒడ్డెక్కాయని. రెండోది, పదిహేడో శతాబ్దంలో నేలమీది రైతులు పశువులకు కంచె వేయాలన్న చట్టాన్నీ పశువుల పన్నునూ తప్పించుకోవడానికి వాటిని దీవిలోకి తోలి వదిలేశారని. చరిత్ర తెలిసినవాళ్లు ఎక్కువగా రెండోదే నమ్ముతారు. జనానికి మొదటిదే ఇష్టం. ఉండదా మరి? పన్ను ఎగ్గొట్టడానికి వదిలేసిన గుర్రం సంతానం అనిపించుకోవడం ఎవరికి గొప్ప! అయితే 2022లో ఒక చిత్రం జరిగింది. హైతీలో పాత స్పానిష్ పట్నం తవ్వకాల్లో దొరికిన పదహారో శతాబ్దపు పన్ను ఒకటి ఆవుదనుకుని పరీక్షిస్తే గుర్రానిదని తేలింది. దానికి బాగా దగ్గరి బంధువులు ఎవరయ్యా అంటే ఈ దీవి గుర్రాలే. దాంతో ఓడ కథకు కాస్త ఊపిరొచ్చింది.

ఇట్లాంటి కథలు మాకు కొత్తగాదు. మా పేటలో ఒకరిద్దరు పెద్దమనుషులు తమ తాతముత్తాతలు అరబ్బు గుర్రాల ఓడల్లో మోటుపల్లిలో దిగారని చెప్పుకునేవాళ్లు. చీరాల దగ్గరి మోటుపల్లి కాకతీయుల నాడు పెద్ద రేవు. గుర్రాలు సముద్రం మీద దక్షిణదేశానికి దిగుమతి అయిన మాటా నిజమే. కానీ ఓడలెక్కి వచ్చినవాళ్లు ఎంతమంది? మా పేటలో దూది ఏకేవాళ్లు, జట్కాలు తోలేవాళ్లు, కసాయిలు, గాజులు తొడిగేవాళ్లు... మా మొహాలు, మా చేతులు, మా ఆకలి అన్నీ పక్క పేటల వాళ్లవే. ఇక్కడి మట్టిలోనే పుట్టి, ఇక్కడే ఒక పిలుపు విని తల వంచినవాళ్ల పిల్లలం. ఆ సంగతి చెబితే మా పెద్దమనుషులకు కోపం. మేం ఓడ దిగి వచ్చామంటే అవతలివాళ్లకు సంబరం. "మరి వెళ్లండి" అనడానికి వీలవుతుందని.

మోటుపల్లి అంటే ఇంకో మాట గుర్తొస్తుంది. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. తను మామూలు సుంకం తప్ప ఏదీ తీసుకోనని ఆయన మాటిచ్చాడు. ఓడ పగిలినవాడికి కూడా రాయి మీద చెక్కిన భరోసా! అసటీగ్ పక్కన 1750లో మునిగిన లా గల్గా అనే స్పెయిన్ ఓడ మీద కూడా తగువు జరిగింది. రెండున్నర శతాబ్దాల తర్వాత, 2000లో, అమెరికా కోర్టు ఆ ఓడ ఇంకా స్పెయిన్‌దేనని తీర్పిచ్చింది. నీటి అడుగున కుళ్లిన కొయ్యకు కూడా దేశం ఉంటుందన్న మాట. కాగితం ఉంటే.

కాగితాల గురించి అమ్మీకి చెప్పక్కర్లేదు. ఆమె పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1956 జూలై 1. మా పేటలో సగం మంది జూలై 1నే పుట్టారు. రేషన్ కార్డులో ఆమె పేరు చివర బీ, ఓటరు కార్డులో బేగం, పాస్‌పోర్టులో రెండూ లేవు. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం సవరించినప్పుడు, దాని వెనకే లెక్కల రిజిస్టరు వస్తుందని పేటంతా హడలిపోయినప్పుడు, మసీదు దగ్గర కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి కాగితాలు సరిచూసుకోమన్నారు. అమ్మీ తన కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి నడుముకు కట్టుకునే గుడ్డలో చుట్టింది. ఆ సంచి అమెరికాకూ వచ్చింది. గుడారంలోకీ వచ్చింది. కారులో పెట్టమ్మీ, గాలికి ఇసక పడుతుందంటే వినలేదు. తలకింద పెట్టుకుని పడుకుంది.

ఆమెను ఇక్కడే ఉంచేసుకోవాలని మా కోరిక. గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెడదామని ఆర్నెల్లుగా ఆపా పోరుతోంది. ఆ రాత్రి గుడారంలో మళ్లీ ఎత్తాం. బయట హోరు. దోమలు. లాంతరు వెలుగులో ఆమె మొహం సరిగా కనిపించలేదు.

"అక్కడ మీరెక్కడి నుంచొచ్చారని అడుగుతారు, ఇక్కడ కూడా అదే అడుగుతారు. ఇక్కడైతే చెప్పుకోవడానికి ఒక ఊరుంది నాకు. అక్కడ వద్దనుకుని వచ్చేస్తే ఇక్కడ ఏ ఊరని చెప్పేది?" అంది.

ఆ పగలే ఒకటి జరిగింది. పక్క గుడారం పెద్దాయన మంచివాడే, మాకు సుత్తి కూడా ఇచ్చాడు. మీదే దేశం అన్నాడు. ఇండియా అన్నాం. అమ్మీ తలమీది ఓణీ వంక చూసి, "ఇండియానా?" అన్నాడు మళ్లీ. ఈ రెండోసారి అడగడం మాకు తెలుసు. ఇక్కడ మన తెలుగువాళ్ల పండగలకు వెళ్లినా అంతే. "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" ఎవరి భాష ఎవరికి మెచ్చుకుంటున్నారు? అమ్మీకి ఇంగ్లీషు రాదు గాని ఆ చూపు అర్థమైంది. "బాపట్ల అని చెప్పవే" అంది ఆపాతో. ఆపా చెప్పింది. ఆయన తలూపాడు. బాపట్ల ఏ దేశంలో ఉందనుకున్నాడో!

మర్నాడు పార్కు ఆమె మళ్లీ కలిసింది. వీటిని అడవి గుర్రాలని అందరూ అంటారు గాని సరైన మాట అది కాదని చెప్పింది. ఒకప్పటి సాకుడు గుర్రాల సంతతి, మనిషిని విడిచి బతకడం నేర్చుకున్నవి. దానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది. తెలుగులో ఎట్లా చెప్పాలో మాకు తోచలేదు. ఇంటివి కావు, అడవివీ కావు అన్నాం. "అచ్చోసి వదిలినయ్యా?" అంది అమ్మీ. అంతకన్నా మంచి మాట మాకు ఇప్పటికీ దొరకలేదు.

దీవికి ఇవి పరాయివేనని వాదించేవాళ్లూ ఉన్నారట. గడ్డి మేసేస్తాయి, ఇసక దిబ్బలను పట్టి ఉంచే మొక్కలు పోతాయి. అందుకని మేరీలాండ్ మందను ఎనభై నుంచి వంద లోపు ఉంచాలని చూస్తారు. 1994లో ఆడగుర్రాలకు దూరం నుంచి సూది కొట్టి, చూలు కాకుండా చేయడం మొదలుపెట్టారు. వర్జీనియావైపు నూటయాభై దాటకూడదు, అందుకే వేలం. ఇది విని అమ్మీ నవ్వింది. "ఇక్కడ కూడా పిల్లల లెక్కలేనా!"

మేమూ నవ్వాం. కానీ ఆ నవ్వులో ఏముందో మా వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతా చదువరులకు చెప్పాలి. "మీ ఇళ్లల్లో ఎంతమందో!" అన్న మాట వినకుండా మాలో ఎవరూ బడి గడప దాటలేదు. మేం ఇద్దరమేనంటే నమ్మేవాళ్లు కాదు. గుర్రాల సంగతి వేరు. చిన్న దీవి, కొద్ది గడ్డి, లెక్క ఉండాల్సిందే, పార్కు వాళ్లు చేస్తున్నది సబబే. మనుషుల్ని గుర్రాలతో పోల్చి కన్నీళ్లు పెట్టించే రకం రాత మాకు గిట్టదు. అమ్మీకి అసలు గిట్టదు. "మనం గుర్రాలమా? వాటికి ఓటు లేదు, మనకుంది" అంది ఒక్క ముక్కలో. అయినా చిన్నప్పటి నుంచీ ఆ లెక్కలు విన్న చెవి గుర్రాల లెక్కను కూడా మామూలుగా వినలేదు. అది చెవి తప్పు కాదు.

ఫజర్ నమాజుకు అమ్మీ మాకన్నా ముందు లేచింది. సీసా నీళ్లతో వజూ చేసుకుంది. కిబ్లా ఎటన్నది పేచీ. బాపట్లలో పడమటి వైపు. సూర్యలంకలో నిలబడితే వీపు సముద్రానికి. ఇక్కడ మక్కా ఈశాన్యాన. అంటే మొహం సముద్రం మీదకే. ఫోనులో చూపించినా ఆమెకు కాసేపు నమ్మకం కలగలేదు. చివరికి జానమాజ్ తిప్పి పరిచి, నాలుగు మూలలా ఇసక పోసి నిలబడింది.

సలాం తిప్పేటప్పటికి ఒక ఆడగుర్రం దిబ్బ పక్కన నిలబడి ఉంది. నలభై అడుగులు ఉంటుందో లేదో. అమ్మీ లేవలేదు. నాలుక అంగిట్లో కొట్టి ఒక చప్పుడు చేసింది. అబ్బా జట్కా మలుపు తిప్పేటప్పుడు చేసే చప్పుడు. ముప్ఫై నాలుగేళ్లయింది మేం విని. గుర్రం చెవులు రెండూ ఇటు తిరిగాయి. "చెవులు ముందుకి పెడితే వింటున్నట్టు. వెనక్కి అణిస్తే తంతది, పక్కకు తప్పుకోవాల" అని నేర్పింది మాకు, ఇప్పుడు మేమేదో జట్కా కొనబోతున్నట్టు. గుర్రం కాసేపు చూసి, మళ్లీ గడ్డి మీదకు తల దించింది. ఆమె ఇంకోసారి పిలవలేదు. "దానికి పనేం లేదు నాతో. బాగుంది" అంది.

నవంబరులో అమ్మీ వెళ్లిపోయింది. పేటలో ఆమె చెబుతున్న కథలో అమెరికా తక్కువ, ఉప్పుగడ్డి ఎక్కువ అని పక్కింటి పిన్ని ఫోనులో చెప్పింది. ఫారం మా దగ్గరే ఉంది. వెళ్లే ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఒక గడి నింపించింది, పుట్టిన ఊరు. స్పెల్లింగు సరిగ్గా రాశామా అని రెండుసార్లు అడిగింది. మిగతా గడులు నింపాలంటే ముందు ఆ మూడు పేర్లలో ఏది రాయాలో తేలాలి.