మన శరత్తు రంగు ఏది?

సెప్టెంబరు వచ్చిందంటే ఫోన్ తెరిస్తే చాలు, గుమ్మడిపండు రంగు కుషన్లు, ఇటుకరంగు కర్టెన్లు, ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండలు. ఈసారి ఆ గాలి మా ఇంట్లోకీ వీచింది. దసరాకి హాలంతా ‘ఫాల్ లుక్’లోకి మార్చేద్దామని ఇంటర్ చదివే మా అమ్మాయి ఇంత పొడుగు జాబితా రాసింది.

అవి బాగుండవని అనను. అమెరికా ఈశాన్యంలో, కెనడాలో ఆ నెలల్లో మేపుల్ చెట్లు నిజంగానే ఎర్రబారతాయి. చలి మొదలై పగలు కురచబడుతుంటే ఇంట్లో వెచ్చగా కనిపించే రంగులు పెట్టుకోవాలనిపిస్తుంది. వాళ్లకది సబబే. మనకు ఆకులు రాలేది శిశిరంలో కదా! ఆశ్వయుజ కార్తీకాలంటే వానలు వెనకబట్టి ఆకాశం తేటపడే రోజులు. బీఏలో తెలుగు చదివిన పుణ్యాన ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను, మన కావ్యాల్లో శరత్తంటే ముందు తెలుపే. వెన్నెల, రెల్లుపూలు, హంసలు, నీళ్లు దిగిపోయిన తెల్లమబ్బులు.

ఈ వాదనకి మా అమ్మాయి లొంగలేదు లెండి. ముదురు గోధుమరంగు దుప్పటి తెచ్చి దివాన్ మీద పరిచి, అదే రంగు కర్టెన్ వేసి చూపించింది. ఫోటోలో అద్భుతంగా ఉంది. సాయంత్రం అత్తమ్మ వచ్చి దివాన్ అంచు కోసం గాల్లో చెయ్యి చాపి తడుముకుంది. “ఏం బిడ్డా, కరెంటు పోయిందా?” అంది.

లైటు వెలుగుతూనే ఉంది.

అత్తమ్మకు 78 ఏళ్లు. వయసు మీదపడితే కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. మనకు చాలిన వెలుతురు వాళ్లకు చాలదు. ముదురు నేల మీద ముదురు దివాన్ ఉంటే నేలెక్కడ ఆగిందో, దివాన్ ఎక్కడ మొదలైందో తెలియదు. ఈ వయసులో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఆ దుప్పటి తీసి మడతపెట్టింది మా అమ్మాయే, ఎవరూ చెప్పకుండా.

తర్వాత ఇద్దరం కూర్చుని మళ్లీ ఆలోచించాం. సెప్టెంబరు చివర్లో పగలూ రాత్రీ సమానమయ్యాక మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి ఇంకా వాలతాడు. ఎండాకాలంలో మా దక్షిణపు కిటికీలోంచి తొంగి చూడని ఎండ ఇప్పుడు గదిలోకి వస్తుంది. దానికి అడ్డంగా మందపు కర్టెన్ ఎందుకు? పల్చటి మీగడరంగు నూలుగుడ్డ కుట్టించాం. గోడకు రంగు వేయించడం మాత్రం దీపావళి దాకా ఆపాను. వాన తడి ఆరని గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కులు లేస్తుంది, డబ్బు దండగ.

దివాన్ మీద లేతరంగు దుప్పటి, ఆ చివరా ఈ చివరా రెండు ఇటుకరంగు కుషన్లు. అమ్మాయి జాబితాలో నిలిచినవి అవే. అంచు తెలియడానికి అత్తమ్మకు గుర్తుగా కూడా పనికొచ్చాయి. మేపుల్ దండ బదులు బతుకమ్మకు తెచ్చిన గునుగు పూలలో ఓ కట్ట మిగిల్చి ఇత్తడి చెంబులో పెట్టాం. గునుగు ఎండినా ఆకారం చెడదు, నెలల తరబడి ఉంటుంది. తంగేడుకు ఆ ఓపిక లేదు, మర్నాటికే నేలంతా రాలింది.

ఇదంతా చేస్తుంటే గడప గుర్తొచ్చింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను అత్తమ్మ ఏనాడూ తట్టుకోలేదు, దూరం నుంచే కనిపిస్తుంది. తట్టుకునేదల్లా బాత్రూమ్ మెట్టు దగ్గరే, తెల్ల టైలు పక్కన తెల్ల టైలు. నీళ్లలో పసుపు నిలవదు కాబట్టి మెట్టు అంచున పసుపురంగు టేపు అంటించాం. మా అమ్మాయి దానిమీద ఎర్ర మార్కర్‌తో బొట్లు కూడా పెట్టింది.