దివిసీమ మరవని సాయంత్రం

అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారక స్థూపానికి ఏటా నవంబరు 19న పూలదండలు పడతాయి. 1977లో అదే రోజున సముద్రం తాటిచెట్టెత్తున లేచి దివిసీమ మీద పడిందని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు సుమారు 10 వేల మంది అని ఓ అంచనా.

ఇప్పుడు హంసలదీవి దారిలో వరిచేలు, రొయ్యల చెరువులు... ఊళ్లలో స్తంభాల మీద లేచిన తుపాను షెల్టర్లు. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగిరిందంటే పిల్లాపాపలతో జనం అటే కదులుతారు. ప్రాణం దక్కుతుంది. మరి ఇల్లు?

దానికే బీమా. 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' పాలసీ వచ్చింది. తుపాను, వరద నష్టాలు రెండూ అందులో ఉంటాయి. లెక్కలోకి వచ్చేది స్థలం ధర కాదు, ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చు. అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకూ సామాన్లకూ వర్తిస్తుంది. అయితే గాలి మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు. ఎండ కాసే రోజునే పాలసీ తీసుకోవాలి. ఇంటి ఫొటోలు, కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకోవాలి. షెల్టరుకి వెళ్లేటప్పుడు ముందు చేతికి అందాల్సిన మూట అదే.

కృష్ణమ్మ కడలిలో కలిసేచోట అలలు నెమ్మదిగానే కదులుతున్నాయి. సిద్ధపడాల్సింది ఇలాంటప్పుడే!