బెంజిబండి తొలిపయనము

విజయవాడలో బందరు రోడ్డును, మదరాసునుండి కలకత్తాకు బోవు రహదారియు కలిసికొను కూడలికి బెంజి సర్కిలని పేరు. ఆ పేరు నోట బలుకని బెజవాడవాసి యుండడు. ఆటోవాడు, బడిపిల్ల, కూరగాయలకు బయలుదేరిన యిల్లాలు, అందరును దినమునకు పదిమారు లనుచుందురు. మేమును ఆ యూరివారమే గనుక చిన్ననాటినుండి పలికినదే. కాని బెంజి యనునది యొక మనుష్యుని యింటిపేరనియు, ఆ యింటిపేరును పెండ్లితో దెచ్చుకొన్న యొక స్త్రీ పూనుకొననిచో ఆ బండి తన యూరి పొలిమేర దాటుటకు ఇంకను ఎన్నాళ్లు పట్టెడిదో యనియు మాకు నిన్న మొన్నటి వరకు దెలియదు. సోదరీమణులారా, ఆమె నడచిన బాటను మేము కన్నులార జూచి వచ్చితిమి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పెద్దమ్మాయి భర్తతో గూడ జర్మనీదేశమున స్టుట్‌గార్టు నగరమున కాపురమున్నది. గడచిన వేసవిని మేమును మా వారును అచ్చటికి బోయి నెలదినము లుంటిమి. అల్లుడుగారికి కార్లన్న ప్రాణము. "అత్తయ్యగారూ, కోటలు, చర్చీలు తరువాత జూతము. ఈ యూరికి వచ్చినవారు మొదట జూడవలసినది బెంజి ప్రదర్శనశాల" యని పట్టుబట్టి మమ్ము దీసికొనిపోయిరి. 2006వ సంవత్సరమున దెరచిన ఆ భవనమున మొదట లిఫ్టులో పైయంతస్తునకు జేర్చెదరు. అచ్చటినుండి రెండుపేటల త్రాడువలె పెనవేసికొన్న వాలుబాటల వెంట మెల్లగా క్రిందికి దిగవలెను. లిఫ్టు తలుపు దీయగనే మాకు గనబడినది కారు కాదు, తెల్లని గుఱ్ఱము! మోటారుబండి పుట్టకపూర్వము లోకమును మోసినది గుఱ్ఱమే గదా. ఆ మర్యాద మాకు నచ్చినది.

ఈ బండికి తండ్రు లిద్దరు. మన్‌హైము నగరమున కార్లు బెంజి యొకడు. స్టుట్‌గార్టులో జేరియున్న కాన్‌స్టాటున గాట్లీబు డైమ్లరు రెండవవాడు. ఇరువురి నడుమ దూరము నూరు కిలోమీటర్లకు మించి లేదు. ఇరువురును గుఱ్ఱములేని బండిని 1886లోనే లోకమునకు జూపిరి. అయినను కలిసి పనిచేసినవారు కారు. డైమ్లరు తన యింటితోటలోని మొక్కల గాజుగదిని కర్మశాలగా మార్చి, అనాథాశ్రమమున బెరిగిన విల్‌హెల్ము మేబాకను నేర్పరితో గూడి తలుపులు మూసికొని రేయింబవళ్లు సుత్తిదెబ్బలు గొట్టుచుండగా, ఆ చప్పుడు విన్న తోటమాలి వీరు దొంగనాణెములు చేయుచున్నారని పోలీసులకు జెప్పెనట! ఈ డైమ్లరే మునుపు పరాయియూర ఉద్యోగము చేయుకాలమున భార్యకు బంపిన యొక చిత్రపుకార్డుపై తామున్న యింటికి గుర్తుగా నక్షత్రము వేసి, అట్టి నక్షత్రమొకనాడు మన కార్ఖానాపై వెలుగునని వ్రాసెను. ఆయన 1900లో గతించిన పిదప కుమారులు ఆ కార్డును జ్ఞప్తికి దెచ్చుకొని 1909లో మూడుకోణముల నక్షత్రమును ముద్రగా రిజిస్టరు చేయించిరి. నేల, నీరు, ఆకాశము, మూడింటను తమ యంత్రములు నడువవలెనని దాని భావము.

మెర్సిడిస్ అను పేరు మాత్ర మొక బాలికది. ఎమిలు యెల్లినెకను ఆస్ట్రియా వర్తకుడు ఫ్రాన్సులోని నీస్ పట్టణమున ధనవంతులకు డైమ్లరు కార్ల నమ్మించుచుండెడివాడు. 1900లో ముప్పదియారు కార్ల నొక్కమారే కొందుననియు, క్రొత్తగా జేయు యంత్రమునకు తన కుమార్తె పేరు పెట్టవలెననియు ఒడంబడిక చేసికొనెను. మేబాకు కల్పించిన ఆ ముప్పదియైదు గుఱ్ఱపుబలముల కారు 1901 మార్చిలో నీస్ పందెములయందు తక్కినవాని నన్నిటిని వెనుకకు నెట్టెను. అంతవరకు మోటారుబండ్లు గుఱ్ఱము విప్పిన జట్కాలవలె ఎత్తుగా నుండెడివి. ఇది పొడుగుగా, నేలకు దాపుగా, ముందు తేనెపట్టువంటి రేడియేటరుతో నేటి కారు రూపమును దెచ్చుకొనెను. రాజులు, కోటీశ్వరులు ఎగబడి కొనిరి. పేరు 1902లో రిజిస్టరాయెను. తండ్రి మరుసటియేడు తన యింటిపేరునకే ఆ పేరు తగిలించుకొనెను! కూతురిపేరు తండ్రికి ఇంటిపేరగుట మేమెచ్చటను వినలేదు. మెర్సిడిసనగా స్పానిషు భాషలో దయలు, అనుగ్రహములు. ఆ పిల్ల మాత్రము ముప్పదితొమ్మిదవయేటనే, 1929లో, వియన్నాలో గతించినది. గోడమీది ఫోటోలో చిన్నపిల్లగానే నిలిచియున్నది.

1926లో రెండు కంపెనీలును ఏకమాయెను. డైమ్లరు నక్షత్రము చుట్టును బెంజి ఆకులదండ చేరి యొకే ముద్ర యాయెను. అటుపిమ్మట వచ్చిన కార్ల వరుసను జూచుచు అల్లుడుగారు, మా వారు తమను మఱచిరి. రెక్కలవలె తలుపులు పైకిలేచు 1954నాటి వెండికారునొద్ద మాకు అరగంట పట్టినది. మాకు వానికన్న బేలా బరేనీ యను ఇంజనీరు తలంపు మిన్నగా దోచినది. ఢీకొన్నపుడు కారు ముందుభాగము, వెనుకభాగము నలిగి దెబ్బను దామే మ్రింగవలెననియు, మనుషులు కూర్చుండు నడిమి గది మాత్రము చెక్కుచెదరరాదనియు ఆయన యోచన. 1959లో ఆ విధమున కార్లు వెలువడెను. బిడ్డల నెక్కించుకొని పోవు తల్లికి కారు గొప్పతనమనగా నిదియే గదా! మఱియొకటి. 1962లో అర్జెంటీనాలో జరిగిన సుదీర్ఘమైన దారిపందెమున ఈవీ రోస్క్విస్టు, ఉర్సులా విర్తు అను స్వీడనుదేశపు యువతు లిద్దరు ఈ కంపెనీ కారును నడిపి ఆరు అంచెలకు ఆరును గెలిచిరి.

ఈ కీర్తిపై నొక నల్లని మరకయు గలదు. దానిని దాచుట మాకిష్టము లేదు. హిట్లరు ఊరేగినది ఈ కంపెనీ పెద్దకార్లలోనే. యుద్ధకాలమున కార్ఖానాలు విమానయంత్రములును, సైన్యపు బండ్లును చేసెను. 1944లో పనిచేసిన 63,610 మందిలో దాదాపు సగము బలవంతముగా దేబడినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధశిబిరములవారు. బెర్లిను దాపున గెన్స్‌హాగెను కార్ఖానాకు రావెన్స్‌బ్రూకను స్త్రీల శిబిరమునుండి ఆడువారిని దెచ్చి విమానయంత్రముల పనిలో బెట్టిరి. కంపెనీవారే పిదప చరిత్రకారులచే విచారణ చేయించి ప్రకటించిరి. నాటి బాధితులకై 2000లో ఏర్పడిన నిధికి ధనమిచ్చిరి. మెర్సిడిస్ పేరు ఫోటోతో సహా గోడకెక్కినది. ఈ స్త్రీలలో నొక్కరి పేరైనను మేము చెప్పజాలము. అల్లుడుగారు సయితము ఆ గదిలో కొంతసేపు మాటాడలేదు.

మరునాటి ఆదివారము మా యమ్మాయి, "అమ్మా, బండి గొప్ప చూచితివి. ఇక బాట చూతము, నేనే నడిపెదను" అన్నది. మన్‌హైమునుండి ఫోర్జ్‌హైము వరకు బెర్తా బెంజి పోయివచ్చిన త్రోవను 2008లో స్మారకమార్గముగా ఏర్పరచి పలకలు నాటినారు. పోక, రాక కలిపి 194 కిలోమీటర్లు.

బెర్తా రింగరు 1849లో ఫోర్జ్‌హైమున బుట్టినది. తండ్రి ఇండ్లుగట్టి ధనము గడించిన వడ్రంగి. ఆమె పుట్టిననాడు ఆయన ఇంటి బైబిలులో, మరల ఆడపిల్లయే గదా యని విచారముతో వ్రాసికొనెనట! జర్మనీయైన నేమి, మన కృష్ణాజిల్లాయైన నేమి? కార్లు బెంజి రైలింజను డ్రైవరు కొడుకు. రెండేండ్లకే తండ్రిని పోగొట్టుకొన్నవాడు. వానికి కర్మశాల యొకటి యున్నదేగాని అందు భాగస్వామితో పొసగలేదు. అప్పుడు బెర్తా పెండ్లికి ముందే తన కట్నపుసొమ్మును తండ్రివలన దీసికొని, ఆ భాగస్వామి వాటాను కొనిపించి వానికి విముక్తి గలిగించెను. మనలో కట్నమును పీటలమీద కూర్చుండకముందే లెక్కపెట్టుకొందురు గాని, ఏమి యంత్రము చేయుదువని యడిగి యిచ్చిన కన్యను మేమెఱుగము. వివాహము 1872 జూలైలో జరిగెను. పెండ్లియైన స్త్రీకి తన సొమ్ముపై స్వతంత్రాధికారము నాటి చట్టమున లేకుండెను. 1886 జనవరి 29న దాఖలైన పేటెంటు కార్లుబెంజి పేరనే యున్నది.

మన్‌హైము నడిబొడ్డున వీధులకు పేర్లుండవు. అక్షరమును అంకెయు జేర్చిన గుర్తులే. బెంజి కర్మశాల టీ-6 అను చోట నుండెడిది. 1879వ సంవత్సరపు కడపటి రాత్రి, యంత్రము నడువక దిగులుతో భోజనము చేసిన భర్తను, మరియొకమారు పోయి చూతమని లేవదీసినది ఆమెయే. ఆ రాత్రి యంత్రము నడచినది. కష్టకాలమున తన ప్రక్క నిలిచినది భార్య యొక్కతెయేనని కార్లు ముసలితనమున తన యాత్మకథలో వ్రాసికొనెను.

బండి తయారైనను కొనువారు లేరు. మూడు చక్రములు, ముప్పాతిక గుఱ్ఱపుబలము, గంటకు పదునారు కిలోమీటర్ల వేగము. జనులు నవ్విరి. కార్లు జాగ్రత్తపరుడు, ఇంకను సరిచేయవలెను, ఇంకను చక్కబరుపవలెనని మన్‌హైము చుట్టుప్రక్కలనే త్రిప్పుచుండెను. బండి దూరము పోగలదని చూపనిదే ఎవరును నమ్మరని బెర్తాకు దోచెను. 1888 ఆగస్టున నొకనాడు తెల్లవారుజామున, భర్త నిద్రలేవకముందే, పదునైదేండ్ల యోయిగెను, పదుమూడేండ్ల రిచర్డు అను కుమారుల నిద్దరిని వెంటగొని, బండిని మెల్లగా వెలుపలికి దెచ్చి బయలుదేరెను. ఎక్కడికి? పుట్టినింటికి! నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. అప్పటి కామెకు ముప్పదితొమ్మిదేండ్లు.

మేము నెక్కారు నది దాటి మొదట లాడెన్‌బుర్గున దిగితిమి. రోమనులనాటి యూరు, కఱ్ఱచట్రముల పాతయిండ్లు, రాతిపరపు సందులు. ఈ దంపతులు కడపట కాపురమున్న దిచ్చటనే. వారి తోటలో బురుజువలె గట్టిన చిన్న కారుగది నేటికిని గలదు. కొడుకులతో బెట్టిన కార్ఖానా యిప్పుడు ప్రదర్శనశాల. కార్లు 1929లో మరణించెను. బెర్తా తొంబదియైదవ పుట్టినదినమున, 1944 మే 3న, కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయమువారు ఆమెకు గౌరవసభ్యత్వ మిచ్చిరి. మూడవనా డామె లేదు. సన్మానము సరిగా రెండుదినములు ముందు వచ్చినది. మా వారు, "అంతకైన నందినది గదా" యనిరి. మాకు మాత్రము కోపమే వచ్చినది.

హైడెల్‌బెర్గు దాటి వీస్‌లోఖు చేరువరకు మధ్యాహ్నమాయెను. ఈ యూరి మందులషాపే లోకమున మొట్టమొదటి పెట్రోలు బంకు! నాడు పెట్రోలు బంకు లెక్కడివి? బట్టలమీది మరకలు తీయుటకు వాడు లిగ్రాయినను స్పిరిటు మందులషాపులలోనే దొరకెడిది. విల్లీ ఒకెలను షాపుయజమాని నడిగి ఆమె దానిని కొని బండిలో బోయించెను. ఆ షాపుముందర నామె జ్ఞాపకార్థమొక శిల్పమున్నది. మా యమ్మాయి యచ్చట తలనొప్పిమాత్రలు గొన్నది.

దారిపొడుగున నామె పడిన తిప్పలు వినుడు. స్పిరిటు పోవు గొట్టము పూడుకొనగా, టోపీకి గ్రుచ్చుకొను పొడవైన సూదితో బొడిచి శుభ్రపరచెను. నిప్పురవ్వ పుట్టించు తీగ ఒరసికొని పాడుకాగా మేజోడు బిగించు పట్టీని దానికి చుట్టెను. గొలుసు సాగినపు డొక కమ్మరి సరిచేసెను. వాలున దిగుచుండ బ్రేకుదిమ్మలు అరిగిపోగా నొక పల్లెలో చెప్పులు గుట్టువానిచే తోలు గొట్టించెను. బ్రేకులకు పట్టీ వేయుట అదియే మొదలు. యంత్రము వేడెక్కి నీరు ఆవిరియగుచుండ, కనబడిన చోటనెల్ల నీరు దెచ్చి పోయవలసి వచ్చెను. మిట్టలనెక్కుటకు బండికి బలము చాలక కొడుకు లిద్దరును దిగి త్రోసిరి. ఫోర్జ్‌హైము చేరువరకు చీకటిపడినది. క్షేమముగా జేరితిమని భర్తకు టెలిగ్రామిచ్చి, కొన్నాళ్లుండి వేరుత్రోవను అదే బండిలో తిరిగివచ్చెను. రాగానే కోరినది మిట్టలెక్కుటకు మరియొక గేరు. కార్లు దానిని జేర్చెను. ఆ సెప్టెంబరులోనే మ్యూనిచ్చి ప్రదర్శనమున బండికి బంగారుపతకము వచ్చినది. 1899వ సంవత్సరమునకు బెంజి కంపెనీ ఏడాదికి 572 బండ్లు చేసి లోకమున నెల్ల మిన్న యాయెను.

ఫోర్జ్‌హైము నగలపని యూరు, బంగారునగరమని బిరుదు. మేము పాతయిండ్లకై వెదకి నిరాశ చెందితిమి. 1945 ఫిబ్రవరి 23 రాత్రి బాంబులవలన ఊరు కాలిపోయి పదునేడువేలకు పైగా జనులు మరణించిరట. ఇప్పుడున్నదంతయు తరువాత గట్టినదే. బెర్తా అప్పటికి పోయినది గనుక పుట్టినూరి దుర్గతి చూడలేదు.

ఒక కాఫీహోటలులో గూర్చుండి, మేము పెండ్లియైన క్రొత్తలో మా వారి స్కూటరును వారు నిద్రించుచుండగా దీసి ఉయ్యూరిలోని మా పుట్టినింటికి బోయిన సంగతి అమ్మాయికి జెప్పితిమి. నడుమ నది ఆగిపోగా మూడుమైళ్లు త్రోసితిమి. మా వారీ సంగతి నేటివరకు నెఱుగరు. తిరుగుత్రోవలో అమ్మాయి నవ్వాపుకొనలేక వెనుకకు జూచినది. వారు వెనుకసీటున గాఢనిద్రలో నుండిరి.