కుండ మీది మాట

లష్కర్ బోనాల మర్నాడు, సోమవారం పొద్దున, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం. మాతంగి స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి అమ్మవారి మాట పలుకుతుంది. మంత్రులు, అధికారులు చేతులు జోడించి వింటారు. పూజల్లో లోటుందని ఆమె నిలదీస్తే తప్పు దిద్దుకుంటామని మొక్కుతారు.

1813లో ఉజ్జయినిలో కలరా చూసి మొక్కుకున్న సురిటి అప్పయ్య, 1815లో తిరిగొచ్చి ఇక్కడ కొయ్య విగ్రహం నిలిపాడని చెబుతారు. పల్టన్‌లో డోలీ మోసే మనిషాయన. 1806లో దండు స్థావరంగా ఏర్పడ్డ ఊళ్లో ఇంత పెద్ద పండగకు మూలం ఒక బోయీ అని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మంగళవారానికి మాట మారిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని కాగితం అంటించారు. యాభై దాటిన పనావిడ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంది. పక్కింటి ఎనిమిదేళ్ల పిల్లాడు ఆమెను "ఏయ్, చెప్పులు అటు పెట్టు" అంటాడు. ఆమె "అట్లనే బాబూ" అంటుంది. ఆమె టీ గ్లాసు కిటికీ గట్టు మీద విడిగా బోర్లించి ఉంటుంది. ఆ పిల్లాడికి ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, రోజూ విని పట్టుకున్నాడు. అంతస్తులు నిలబడేది ఈ చిన్న చిన్న పిలుపుల మీదే.

బోనాల ఆదివారం ఆమె బోనమెత్తుకుని వస్తే ఆ పిల్లాడి ఇంటివాళ్లే కాళ్ల మీద నీళ్లు పోసి దండం పెట్టారు. గౌరవించడం తెలియనివాళ్లేం కాదు. వచ్చే అసోసియేషన్ మీటింగులో ఆ కాగితం తీసేయమని నేను అడుగుతాను.