కారులో క్రొత్త స్పీకర్లు

మాది రావులపాలెము. మా నాన్నగారు పెండ్లిండ్లకు కిరాయికారు నడుపుదురు. వెనుక కూర్చున్నవారికి పాటలు సరిగా వినబడవని యొకరిద్దరు సణుగగా, నాన్నగారి నడుగకయే నేను మఱి రెండు స్పీకర్లు తెచ్చి, ముందున్నవాని తీగలకే తగిలించితిని. ఆ రాత్రి చెవులు గింగురుమన్నవి. నా గర్వమునకు మేర లేకపోయెను.

మఱునాడు పెండ్లివారితో గౌతమి వంతెన దాటి జొన్నాడ చేరునప్పటికి పాట ఆగిపోయెను. ఆంప్లిఫయరు చేయి పెట్టరానంత వేడెక్కియుండెను. దానిని బాగుచేయించుటకు నాటి కిరాయి యంతయు చాలలేదు. నాన్నగారు నన్ను తిట్టలేదు, అదియే కష్టమయ్యెను.

సైన్సు మాష్టారు బల్లపై గీసి చూపిరి. 4 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరముగా కలిపిన నిరోధము 2 ఓములగును, విద్యుత్ప్రవాహము రెట్టింపగును. 4 ఓములకు తగ్గరాదని మా యంత్రము వీపుననే వ్రాసియున్నది! జర్మనీ దేశస్థుడగు ఓము 1827లోనే ప్రకటించిన సూత్రమిది. పరీక్షలో దానికి పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడనే నేను.

ఈ మారు శ్రేణిలో కలిపితిని: ముందుదాని ఋణాగ్రము వెనుకదాని ధనాగ్రమునకు, మిగిలిన కొనలు యంత్రమునకు. 8 ఓములయ్యెను. ధ్వని తగ్గెను గాని యంత్రము చల్లగానున్నది. అయినను కారు ఆపినప్పుడెల్ల నాన్నగారు సీటు క్రిందికి చేయి పోనిచ్చి దానిని తాకి చూచుచున్నారు.