అచ్చుసిరావారి మేడ

క్రొత్తగా అచ్చుపడిన పుస్తకమును విప్పి, చదువుటకు ముందు వాసన చూచుట మనలో ననేకులకు అలవాటు. ఆ వాసనలో కాగితముది కొంత, అచ్చుసిరాది కొంత. కథ వ్రాసినవారి పేరు పుస్తకముపై నుండును. అచ్చువేసినవారి పేరు లోపలి పుటలో నుండును. సిరా చేసినవారి పేరు మాత్రము ఎక్కడను గానరాదు. అట్లు పేరు లేకయే అక్షరములకు రూపమిచ్చిన యొక కుటుంబమువారి యూరిని, ఇంటిని ఇంగ్లండులో చూచు భాగ్యము నాకు కలిగినది. ఆ ముచ్చటలు సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా అచ్చుసిరా యననేమో చెప్పవలెను. కలమున పోయు సిరా నీటితో చేసినది. దానిని సీసపు అక్షరములపై పూసినచో బొట్లుబొట్లుగా విడిపోవునే గాని సమముగా అంటుకొనదు. అందుచేత పదునైదవ శతాబ్దపు నడుమ జర్మనీదేశమున గూటెన్‌బర్గు బైబిలును అచ్చువేసిననాడే నూనెతో చేసిన చిక్కని సిరాను వాడెను. అవిసెనూనెను చాలసేపు కాచినచో తేనెవలె చిక్కబడి వార్నీషగును. అందు దీపపుమసి కలిపి మెత్తగా నూరినచో అచ్చుసిరా సిద్ధమగును. ఇది మన కాటుక విధమే కదా! మనము ఆముదపుదీపముపై పళ్లెము బోర్లించి, పట్టిన మసిని నేతితో రంగరించి బిడ్డ కన్నులకు దిద్దుదుము. వారును మసిపట్టి, నూనెతో రంగరించి, కాగితమునకు దిద్దిరి. పూర్వము నున్నని రాతిపలకపై గుండ్రాతితో నూరెడివారు. అదియు మన సన్నికల్లు పొత్రము వంటిదే. తరువాత ఉక్కురోలర్ల మరలు వచ్చినవి. ఈ సిరా నీరువలె ఆవిరియై యెండదు. కొంత కాగితములోనికి ఇంకి, తక్కినది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావుననే పుస్తకముపై నీటిబొట్టు పడినను అక్షరము చెరగదు.

మా కుమారుడు ఉద్యోగరీత్యా బర్మింగ్‌హాము నగరమున నుండుటచే నేను అక్కడికి పోవుట సంభవించెను. ఆ నగరమునకు వాయవ్యమున వుల్వర్‌హాంప్టను అను నూరు కలదు. బొగ్గుగనులకును, ఇనుపకొలుములకును పేరుపడిన సీమ యది. పదునెనిమిదవ శతాబ్దమున అక్కడ రేకుపళ్లెములకు నల్లని మెరుగుపూత పూసి, జపానుదేశపు లక్కసామానును బోలునట్లు చేయు పని వెలసెను. 1773లో బెంజమిన్ మాండరు అట్టి వ్యాపారమును స్థాపించెను. మెరుగుపూతకు వార్నీషు కావలెను గనుక ఆతని కుమారుడు చార్లెసు వార్నీషు కాచుటకు పూనుకొనెను. వార్నీషు చేతనున్నవారికి రంగులును, అచ్చుసిరాయును దూరము కావు. ఈ విధముగ ఒకదానివెంట నొకటిగా పెరిగి, మాండరు సోదరుల కంపెనీ యను పేర ఆ వర్తకము తరములు నడచెను.

పూర్వపు కర్మాగారమును చూతమని ఊరినడుమ జాను వీధి తావునకు పోతిమి. అక్కడ కొలుములును లేవు, నూనెబానలును లేవు. 1968లో తెరచిన పెద్ద అంగళ్ల సముదాయము కలదు. దాని పేరు మాండరు సెంటరు. లోపల చీరల దుకాణములవంటి దుస్తుల దుకాణములు, ఫలహారశాలలు. నూనె కాగిన చోట స్త్రీలు పిల్లల చెప్పులు బేరమాడుచుండిరి. వారిలో నెందరికి ఆ పేరు ఎక్కడిదో తెలియునో! మా కోడలు, “అత్తయ్యగారూ, ఇక్కడ పేరొక్కటే మిగిలినది, ఇల్లు చూడవలెనన్న మూడుమైళ్లు పోవలెను” అని నన్ను విటిక్ మేనరుకు తోడ్కొనిపోయెను.

ఆ మేడను దూరమునుండి చూడగనే నాకు అచ్చుపుట జ్ఞప్తికి వచ్చెను. తెల్లని గోడలపై నల్లని దూలములు వరుసలు తీర్చి యుండును. బెంజమిను వంశమున నాలుగవ తరమువాడగు థియొడోరు మాండరు, ఆతని భార్య ఫ్లోరా దీనిని కట్టించిరి. ఆమె కెనడాదేశపు ఆడపడుచు. 1884లో ఆస్కారు వైల్డు అను కవి వుల్వర్‌హాంప్టనుకు వచ్చి, ఇంటిని సుందరముగా నుంచుకొనుటను గూర్చి ఉపన్యసించినప్పుడు థియొడోరు విని ముగ్ధుడయ్యెనట. 1887లో మొదటిభాగమును, 1893లో రెండవభాగమును కట్టిరి. గోడలకు విలియం మారిసుగారి పూలతీగెల కాగితములు, ఉన్నివస్త్రములు. పొయ్యిగూళ్లకు డిమోర్గనుగారి నీలిపచ్చని పెంకులు. కిటికీలకు కెంపుగారి చిత్రపుటద్దములు. యంత్రములతో ధనమార్జించినవారు చేతిపనియందు ఇంత మక్కువ చూపుట వింతగా తోచును. అయినను రంగు విలువ రంగు చేయువానికంటె ఎవరికి బాగుగా తెలియును?

థియొడోరు 1900లోనే కాలము చేసెను. పెద్దకుమారుడు జాఫ్రీ మాండరు ఇంటికిని వ్యాపారమునకును వారసుడయ్యెను. ఆతని తమ్ములిరువురు మన దేశపు అల్లుండ్రగుట మీకు వినోదముగా నుండును. కూచ్‌బిహారు మహారాణి సునీతీదేవిగారి కుమార్తెలలో ప్రతిభాదేవిని లయొనెలును, సుధీరాదేవిని అలనును పెండ్లాడిరి. సునీతీదేవి బ్రహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుగారి కుమార్తె. 1921లో తన జీవితచరిత్రమును ఆంగ్లమున తానే వ్రాసి ప్రకటించిన విదుషీమణి. వీరేశలింగము పంతులుగారి కాలమునుండి మన ఆంధ్రులకును కేశవచంద్రుని పేరు సుపరిచితమే. ఆ మనుమరాండ్రు ఈ నల్లదూలముల యింటికి కోడండ్రైరి. ప్రతిభాదేవి దాంపత్యము మాత్రము తుదివరకు నిలువలేదు.

జాఫ్రీ పార్లమెంటు సభ్యుడు. 1932లో తన కర్మాగారపు పనివారికి వారమునకు 40 గంటలే పనియని కార్మికసంఘముతో ఒప్పందము చేసికొనెను. పనిలేక జనులు అల్లాడు కరవుదినములవి. బ్రిటనులో అట్టి నియమమును తొలుదొల్త నంగీకరించిన యజమానులలో ఈతడొకడు. మసినూనెలలో మునిగిన చేతులకు ఇంటికడ బిడ్డనెత్తుకొనుటకు తీరిక దొరకుటకంటె పండుగ వేరేమున్నది?

1937లో జాఫ్రీ మరియొక సాహసము చేసెను. ఇంటిని, తోటను, లోపలి సామగ్రితోకూడ జాతీయనిధి సంస్థకు దానమిచ్చెను. ఇంటి రెండవభాగమునకు అప్పటికి నిండ 44 ఏండ్లే. ఆ శిల్పము అప్పుడు మోటుగా నున్నదని నవ్వువారే అధికము. అయినను దంపతులు వెనుదీయలేదు. జాఫ్రీ రెండవభార్య రోజలీ జీవితచరిత్రలు వ్రాసిన రచయిత్రి. మేరీ షెల్లీని గూర్చి 1938లో గ్రంథము వెలయించెను. వారిరువురు లోకము వలదన్న చిత్రములను వెదకివెదకి తెచ్చి ఈ యింట నుంచిరి. ఎలిజబెతు సిడ్డలు అను చిత్రకారిణి గీసినవి అందు గలవు. చిత్రకారుల కొలువులో కూర్చుండి బొమ్మయైన యువతిగానే ఆమెను లోకమెరుగును. తానును కుంచె పట్టెనని ఇక్కడికి వచ్చినవారికి తెలియును. 1962లో భర్త పోయిన తరువాతను రోజలీ ఆ యింటనే యుండి, 1988లో కన్నుమూసెను.

వారి వ్యాపారమేమైనదని మీరడుగవచ్చును. రంగులశాఖ ముందుగా చేతులు మారెను. 1998లో అచ్చుసిరాశాఖను అమెరికాదేశపు ఫ్లింటు కంపెనీ కొనెను. రెండువందల యేండ్లకు మించిన కుటుంబవర్తకము అంతటితో సమాప్తి నొందెను.

తోటలో కూర్చుండి నేను మా పుట్టినింటిని తలచుకొంటిని. తాతగారు కట్టించిన మండువాలోగిలి యది. నలుగురు మేనమామల వాటాలు తేలుటకై ఒక వేసవిలో దానిని విప్పివేసిరి. చెక్కిన స్తంభమొకటి మా అమ్మ అడిగి తెచ్చుకొనెను. తక్కినవి ఎవరి కల్లములో చేరినవో యెరుగను. వాటా అడుగుట తప్పని నేననను. కాని నిలువవలెనన్నచో ఒకచో నెవరో ఒకరు తమ వాటాను వదలుకొనవలెను. మాండరువారు అమ్ముకొన్నది పరులపాలయ్యెను. ఇచ్చివేసినది మాత్రము నేటికిని వారి పేరనే యున్నది.

సాయంకాలమైనది. ద్వారముకడ పుస్తకములమ్ము గదిలో చిన్నపుస్తకమొకటి కొంటిని. విప్పి అలవాటు చొప్పున వాసన చూచితిని. మా కోడలు నవ్వెను. “ఈ సిరా ఎవరు చేసిరో, అత్తయ్యగారూ?” అని అడిగెను. పుటలన్నియు త్రిప్పి చూచితిమి. ఆ పేరు ఎక్కడను లేదు.